వాహన చిప్‌లకు లినక్స్ కెర్నల్ డ్రైవర్‌లో తోడ్పాటు: ఫ్లెక్స్‌క్యాన్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాహనాలలో వాడే కొత్త చిప్‌కు లినక్స్ కెర్నల్‌లో తోడ్పాటు కల్పించడమంటే కొత్త డ్రైవర్‌ను మొదటినుంచి రాయడమేనని తోచవచ్చు. వాస్తవానికి అది చాలా సందర్భాలలో భేదనిరూపణ. పాత చిప్‌కూ కొత్త చిప్‌కూ ఉన్న తేడాను కచ్చితంగా గుర్తించి, పాతవాటికి భంగం కలగకుండా నమోదు చేయడమే అందులోని అసలు పని. ఎన్‌ఎక్స్‌పీ సంస్థ ఎస్‌32జీ2, ఎస్‌32జీ3 చిప్‌లకు ఫ్లెక్స్‌క్యాన్ డ్రైవర్‌లో 2025లో చేరిన తోడ్పాటును ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ ప్రక్రియను వివరిస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాల విద్యాసంస్థలకు ఇందులో ఉన్న అవకాశాన్నీ దాని పరిమితులనూ చర్చిస్తుంది.

కీలక పదాలు: లినక్స్ కెర్నల్, డ్రైవర్, క్యాన్, ఇంటరప్ట్, డివైస్ ట్రీ, సాంకేతిక విద్య.

1. ఉపోద్ఘాతం

మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా పెట్టెలతో బయలుదేరే నేటి లారీలో ఇంజన్, బ్రేకులు, పొగ శుద్ధి వ్యవస్థ తమలో తాము సమాచారం మార్చుకుంటూ ఉంటాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 ప్రమాణాలతో వాహనాలలో ఎలక్ట్రానిక్ నియంత్రణ మరింత పెరిగింది. ఈ భాగాల మధ్య సంభాషణకు ఎక్కువగా వాడే మార్గం క్యాన్. దీనిని జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో లోకానికి పరిచయం చేసింది. తొలి రూపంలో ఒక్కో సందేశం గరిష్ఠంగా 8 బైట్ల సమాచారాన్ని మోసేది. 2012లో వెలువడిన క్యాన్ ఎఫ్‌డీలో ఆ పరిమితి 64 బైట్లకు పెరిగింది.

లినక్స్‌లో క్యాన్‌కు స్థిరమైన స్థానం 2008 ఏప్రిల్‌లో వెలువడిన 2.6.25 కెర్నల్‌తో లభించింది. ఫోక్స్‌వాగన్ పరిశోధన విభాగం అందించిన సాకెట్‌క్యాన్ అనే చట్రం అందులో చేరింది. అంతకుముందు ఒక్కో హార్డ్‌వేర్‌కు ఒక్కో పద్ధతి ఉండేది. హార్డ్‌వేర్ మారితే పై స్థాయి ప్రోగ్రామును సైతం మార్చవలసి వచ్చేది. సాకెట్‌క్యాన్ వచ్చాక ఆ భారం డ్రైవర్‌కు పరిమితమైంది.

2. డ్రైవర్: ఒక ఉమ్మడి వ్యాకరణం

ఫ్రీస్కేల్ సంస్థ రూపొందించిన క్యాన్ నియంత్రికకు ఫ్లెక్స్‌క్యాన్ అని పేరు. 2015లో ఆ సంస్థ ఎన్‌ఎక్స్‌పీలో విలీనమైంది. ఈ నియంత్రిక అనేక చిప్‌లలో భాగంగా ఉంటుంది. అయితే అన్నింటిలోనూ ఒకే తీరున ఉండదు. ఉదాహరణకు పీ1010 చిప్‌లో రిజిస్టర్‌లోని బైట్ల క్రమం ఐఎంఎక్స్ చిప్‌లలోని క్రమానికి తలకిందులుగా ఉంటుంది. కొన్ని చిప్‌లు క్యాన్ ఎఫ్‌డీని స్వీకరిస్తాయి, కొన్ని స్వీకరించవు. మరికొన్నింటిలో దోషస్థితిని తెలిపే సంకేతం సక్రమంగా పనిచేయదు.

ఇన్ని భేదాలున్నా లినక్స్‌లో డ్రైవర్ ఒక్కటే. ప్రతి చిప్‌కు దాని ప్రత్యేకతల పట్టిక ఒకటి ఆ డ్రైవర్‌లో ఉంటుంది. ఈ ప్రత్యేకతలను కెర్నల్ పరిభాషలో క్వర్క్‌లు అంటారు. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం చేసేవారికి ఈ పద్ధతి సుపరిచితంగానే తోస్తుంది. తమిళ, కన్నడ సరిహద్దులు కలిసే కుప్పం ప్రాంతపు తెలుగును వివరించే పరిశోధకుడు తెలుగు వ్యాకరణాన్నంతటినీ తిరిగి రాయడు. ప్రమాణభాషతో అది ఎక్కడ భేదిస్తుందో నమోదు చేస్తాడు. డ్రైవర్‌లోని పట్టిక చేసే పని కూడా అదే.

3. ఎస్‌32జీ2లోని భేదం

ఎస్‌32జీ శ్రేణి చిప్‌లు వాహనంలోని వేర్వేరు నెట్‌వర్క్‌లను కలిపే గేట్‌వే పనికి ఉద్దేశించినవి. వీటిలోని ఫ్లెక్స్‌క్యాన్ ఐఎంఎక్స్ చిప్‌లలోని దానిని చాలావరకు పోలి ఉంటుంది. ప్రధానమైన భేదం ఇంటరప్ట్‌ల విషయంలో ఉంది.

సందేశం వచ్చినప్పుడు గాని, పంపడం పూర్తయినప్పుడు గాని, దోషం తలెత్తినప్పుడు గాని నియంత్రిక ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. ఐఎంఎక్స్ చిప్‌లలో ఈ పిలుపులన్నీ ఒకే తీగపై వస్తాయి. ఎస్‌32జీ2లో నాలుగు తీగలున్నాయి. స్థితి మార్పుకు ఒకటి, బస్ దోషాలకు ఒకటి, 0 నుంచి 7 వరకు ఉన్న మెయిల్‌బాక్స్‌లకు ఒకటి, 8 నుంచి 127 వరకు ఉన్నవాటికి మరొకటి. మెయిల్‌బాక్స్ అంటే ఒక సందేశం నిలిచే గది.

పాత డ్రైవర్ ఒక్క తీగనే వింటే మిగిలిన తీగలపై వచ్చే పిలుపులు దానికి చేరవు. గదిలో సందేశం ఉన్నా అడిగేవారుండరు. స్థితి మార్పు సంగతి ఇంకా ముఖ్యమైనది. పంపే దోషాల లెక్క 255 దాటిన నియంత్రిక బస్ నుంచి తప్పుకోవాలన్నది క్యాన్ నియమం. ఆ వార్త అందకపోతే పై స్థాయి ప్రోగ్రాము లేని సంబంధాన్ని ఉన్నట్లే భావిస్తుంది.

4. పరిష్కారం రూపొందిన తీరు

ఈ మార్పు మూడు భాగాలుగా కెర్నల్‌కు సమర్పితమైంది. మొదటిది డివైస్ ట్రీ నిర్వచనం. బోర్డుపై ఏ హార్డ్‌వేర్ ఎక్కడ ఉందో కెర్నల్‌కు తెలిపే వివరణపత్రమే డివైస్ ట్రీ. కొత్త చిప్ పేరు, దానికి ఉండవలసిన నాలుగు ఇంటరప్ట్‌లు ఈ నిర్వచనంలో చేరాయి. రెండవ భాగం ఒక కొత్త క్వర్క్. రెండు మెయిల్‌బాక్స్ శ్రేణులకు వేర్వేరు తీగలుండే లక్షణాన్ని అది సూచిస్తుంది. మూడవ భాగంలో చిప్ పట్టిక చేరింది.

ఇందులో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, నాలుగు తీగలలో మూడింటి కోసం కొత్తగా రాయవలసిన అవసరం కలగలేదు. ఎంసీఎఫ్5441ఎక్స్ అనే కోల్డ్‌ఫైర్ శ్రేణి ప్రాసెసర్ కోసం అంతకుముందే చేరిన మూడు ఇంటరప్ట్‌ల ఏర్పాటునే వాడుకున్నారు. రెండవది, కొత్త క్వర్క్‌కు పెట్టిన పేరు చిప్ పేరు కాదు, లక్షణం పేరు. కనుక అదే లక్షణంతో రేపు మరో చిప్ వస్తే ఈ ఏర్పాటు దానికీ పనికి వస్తుంది. మూడవది, ఎస్‌32జీ3కి డ్రైవర్‌లో ప్రత్యేక పట్టిక లేదు. ఈ విషయంలో అది ఎస్‌32జీ2తో సమానమని డివైస్ ట్రీ నిర్వచనమే చెబుతుంది. తేడా లేనిచోట కొత్త వాక్యం రాయకపోవడం కూడా ఈ విద్యలో నైపుణ్యమే.

5. సమీక్షా సంప్రదాయం

కెర్నల్‌లో చేరే ప్రతి మార్పుకు రచయిత తన పేరుతో బాధ్యత వహిస్తూ సంతకవాక్యం జోడించాలి. 2004లో ఈ నియమం ఏర్పడింది. ఆపైన ఆ విభాగపు నిర్వాహకులు, ఇతర నిపుణులు బహిరంగంగా సమీక్షిస్తారు. ‘ఏం మార్చారు’ అన్నది కోడ్‌లోనే కనిపిస్తుంది కనుక ‘ఎందుకు మార్చారు’ అన్నది వివరణలో స్పష్టంగా ఉండాలని కోరుతారు. పనిచేస్తున్న పాత చిప్‌లలో ఒక్కటి చెడినా మార్పును వెనక్కి తీసుకొనే అవకాశం ఉంది. అందువల్లనే ఒక్కో మార్పును చిన్న భాగాలుగా విడదీస్తారు. దోషం తలెత్తితే ఏ భాగం కారణమో వెతకడం సులభమవుతుంది.

6. స్థానిక విద్యాసంస్థల సందర్భం

మదనపల్లెలో 1998లో స్థాపితమైన మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఉంది. కుప్పంలో ఇంజనీరింగ్ కళాశాలతోపాటు 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. పుంగనూరు సమీపంలో విద్యుత్ బస్సులు, ట్రక్కుల కర్మాగారాన్ని నెలకొల్పే ప్రతిపాదన 2023లో వెలువడింది. కర్మాగారాలు వచ్చినా రాకపోయినా, వాహన సాఫ్ట్‌వేర్ అభ్యాసానికి వాటికోసం వేచి ఉండనవసరం లేదు.

చిప్ చేతిలో లేకుండా చేయగలిగే పనులు కొన్ని ఉన్నాయి. లినక్స్‌లోని వీక్యాన్ అనే ఊహాత్మక క్యాన్ మార్గాన్ని సాధారణ కంప్యూటర్‌లోనే నెలకొల్పి, క్యాన్‌సెండ్, క్యాన్‌డంప్ ఉపకరణాలతో సందేశాల నడకను విద్యార్థులకు చూపవచ్చు. ఫ్లెక్స్‌క్యాన్ డ్రైవర్‌ను ఇతర ప్రాసెసర్లకు కంపైల్ చేసి పరీక్షించవచ్చు. డివైస్ ట్రీ నిర్వచనాలను పరీక్షా సాధనాలతో సరిచూడవచ్చు.

అయితే పరిమితిని కూడా గుర్తించాలి. వీక్యాన్‌లో హార్డ్‌వేర్ ఉండదు కనుక నాలుగు తీగల వంటి సమస్య అక్కడ ఎదురుకాదు. ఇంటరప్ట్ ప్రవర్తనను అసలు బోర్డుపైనే నిర్ధారించాలి. హార్డ్‌వేర్‌పై పరీక్షించని మార్పును పరీక్షించినట్లు పేర్కొనడం శాస్త్రనీతికి విరుద్ధం. ఏది పరీక్షించామో, ఏది పరీక్షించలేదో రాయడం విద్యార్థికి తొలి పాఠం కావాలి.

7. ముగింపు

ఎస్‌32జీ2కు తోడ్పాటు చేర్చిన మార్పులో కొత్తగా రాసింది కొద్ది. ఆ కొద్దిని నిర్ణయించడానికి చిప్ గ్రంథాన్ని, పాత డ్రైవర్‌ను, ఇతర చిప్‌ల ప్రత్యేకతలను సరిపోల్చి చదవవలసి ఉంటుంది. కోడ్ రాయించడంతోపాటు ఇటువంటి పఠనాన్ని, భేదనిరూపణను, వివరణ రచనను కూడా పాఠ్యాంశాలుగా గుర్తించవలసిన అవసరం ఉంది. పాత ప్రాజెక్టును పేరు మార్చి తిరిగి రాయడం కంటే, ఉన్న డ్రైవర్‌లోని ఒక్క క్వర్క్ ఎందుకు ఏర్పడిందో విద్యార్థి సాధారంగా వివరించగలగడం ఎక్కువ విలువైన ప్రాజెక్టు కాగలదు. ఆ వివరణకు కావలసిన మూలకోడ్, మార్పుల చరిత్ర అందరికీ అందుబాటులోనే ఉన్నాయి.