రొయ్యలు పడనివారు - హాంకాంగ్ విందు

మీకు రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయా? అయితే హాంకాంగ్‌లో ఖరీదైన కాంటనీస్ హోటలుకు వెళ్ళినప్పుడు జాగ్రత్త! ఆవిరిమీద ఉడికించే ‘హార్ గావ్’లో రొయ్య పల్చటి పొరలోంచి కంటికి కనిపిస్తుంది. కాని 1980లలో హాంకాంగ్‌లోనే పుట్టిన ‘ఎక్స్.ఓ. సాస్’లో ఎండు రొయ్యలుంటాయి. కూరగాయల్లో అది కలిస్తే పైకి తెలియదు. ‘కొంచెమే కదా’ అనుకోవడం పొరపాటు. ఆర్డరివ్వకముందే, ‘నాకు రొయ్యలు పడవు’ అని చైనా లిపిలో రాయించుకున్న చీటీ చూపించండి. నాలుక, గొంతు వాచినా, ఆయాసం వచ్చినా మాత్ర మింగి కూర్చోకండి. మీ డాక్టరు ముందే ఇచ్చిన ఎడ్రినలిన్ ఇంజెక్షను వెంటనే తొడకు చేసుకోండి. లేచి నడవకండి. 999కి ఫోను చేయించండి. విందు ఇచ్చినవారు ఆప్యాయంగా మీ ప్లేటులో వడ్డించవచ్చు. మొహమాటపడి ప్రాణం మీదికి తెచ్చుకోకండి.