గుండె ధమని గోడ చీలితే రక్తపరీక్ష ఏం చెబుతుంది?

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమని గోడకు మూడు పొరలుంటాయి. కొందరిలో ఏ దెబ్బా తగలకుండానే, కొవ్వు పేరుకోకుండానే ఆ పొరలు విడిపోతాయి. మధ్యలో చేరిన రక్తం అసలు దారిని నొక్కేసి గుండెపోటు తెస్తుంది. వైద్యులు దీన్ని స్కాడ్ అంటారు. 1931లో 42 ఏళ్ల మహిళ శవపరీక్షలో ఇది తొలిసారి నమోదైంది. బాధితుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే. బాలింతల గుండెపోట్లకు ప్రధాన కారణాల్లో ఇదొకటి.

గుండె కండరం దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ పెరుగుతుంది. నొప్పి మొదలైన తొలి గంటల్లో అది మామూలుగానే కనిపించవచ్చు. అందుకే కొన్ని గంటల తర్వాత మళ్లీ చూడాలి. పెరిగినా, కారణం కొవ్వా చీలికా అన్నది అది చెప్పదు. బృహద్ధమని చీలికను అనుమానించినప్పుడు పనికొచ్చే డి-డైమర్ రక్తపరీక్ష మీద ఇక్కడ ఆధారపడలేం. షుగరు, కొలెస్ట్రాల్ చాలామందిలో సవ్యంగానే ఉంటాయి. ఆ రిపోర్టు చూసి 'గ్యాస్ నొప్పి' అని ఇంటికి పంపడమే అసలు ప్రమాదం. చీలికను తేల్చేది యాంజియోగ్రామే. తేల్చడం అవసరం కూడా: స్టెంట్ వేయబోతే చీలిక ఇంకా సాగవచ్చు, నిలకడగా ఉన్నవారిలో చాలామందికి మందులతో కొన్ని వారాలు, నెలల్లో ధమని తనంతట తానే మానుతుంది.

ముందే హెచ్చరించే రక్తపరీక్ష ఇంకా లేదు. జన్యువులు మాత్రం కొంత చెబుతున్నాయి. 2023లో వెలువడిన అధ్యయనం ముప్పుతో ముడిపడిన 16 జన్యుస్థానాలను గుర్తించింది. వాటిలో కొన్ని ధమని గోడ దృఢత్వానికి, ఒకటి రక్తం గడ్డకట్టే ప్రక్రియకు సంబంధించినవి. రక్తపోటును పెంచే జన్యుభేదాలు ఈ ముప్పునూ పెంచుతున్నాయి. కొలెస్ట్రాల్‌ను పెంచేవి పెంచడం లేదు.

ఆ అధ్యయనంలో పరీక్షించిన నమూనాలు యూరోపియన్ సంతతివారివి. నాయక రాజుల కాలం నుంచి మదురై, కోయంబత్తూరుల్లో స్థిరపడి, తరతరాలుగా తమవారితోనే వియ్యమందుతూ వచ్చిన తెలుగు కుటుంబాలకు ఆ ఫలితాలను యథాతథంగా అన్వయించలేం. ఇలాంటి సమూహాల్లో కొన్ని జన్యులోపాలు పోగుపడతాయి. ఆంధ్ర వైశ్యుల్లో మత్తు సమయంలో ఇచ్చే కండరాల సడలింపు మందు ప్రభావం త్వరగా తగ్గని లోపం ఎక్కువని 2017 నాటి పరిశోధన ఎత్తిచూపింది. అంతకుముందు, 2009లో, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం గుండె కండరాన్ని బలహీనపరిచే లోపం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని తేల్చింది. అది స్కాడ్ కాదు, కండరానికి సంబంధించిన జబ్బు. కానీ స్కాడ్ విషయంలోనూ ఈ నేల రక్తాన్నే పరీక్షించాలనడానికి అదే బలమైన ఆధారం.

ఒకసారి చీలిక వచ్చినవారికి మళ్లీ రావచ్చు. అందుకే రక్తపోటును అదుపులో ఉంచుతారు, చాలామందికి బీటా బ్లాకర్ మందులు ఇస్తారు. గోడ నిర్మాణ లోపాలు మరెక్కడైనా ఉన్నాయేమోనని మెడ, మూత్రపిండాల ధమనులను స్కాన్ చేస్తారు. మళ్లీ గర్భం దాల్చాలనుకునేవారు ముందే గుండె వైద్యులను సంప్రదించాలి.