ఖర్జూరము: నంద్యాల, ఆళ్ళగడ్డ రైతులు తెలిసికొనదగిన సంగతులు

అనంతపురము ప్రాంతమున ఖర్జూరపు తోటలు చూచి వచ్చిన మన రైతులు కొందరు, ఆ పంట ఇక్కడ పండునా అని అడుగుచున్నారు. మొక్క ఒక్కంటికి వేల రూపాయలు పెట్టవలసిన పంట గనుక, ముందుగా చెట్టు స్వభావము నెరుగుట మేలు.

ఖర్జూరము మన ఈతకు దాయాది. ఈత ఒంటి మాను. ఖర్జూరము మాత్రము చిన్నతనమున మొదలువద్ద పిలకలు పెట్టును. రెంటిలోను పోతుచెట్లు, పెంటిచెట్లు వేరు. కాయ పెంటిచెట్టుకే వచ్చును. గింజ నాటగా వచ్చిన మొక్కలలో సుమారు సగము పోతులే. పూత వచ్చు వరకు, అనగా ఐదారేండ్లు గడచు వరకు, ఏది యేదో తెలియదు. కావున చౌకగా దొరకు గింజమొక్కలను కొనరాదు. మంచి పెంటిచెట్టు పిలకలనుగాని, టిష్యూ కల్చరు మొక్కలనుగాని నాటవలెను.

ఈ చెట్టు పాదములు నీటిలోను, తల నిప్పులోను ఉండవలెనని అరబ్బులు చెప్పుదురు. నిప్పునకు మనకు కొదువ లేదు. ఇక్కడి వేసవి 40 డిగ్రీలు దాటును. చిక్కంతయు వానతోనే. కాయ పక్వమగునప్పుడు వాన పడినచో పండ్లు పగిలి, పులిసి, కుళ్ళును. అనంతపురమున ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నల్లమల పంచనున్న ఆళ్ళగడ్డకు అంతకన్న ఎక్కువ. కనుక చెట్టుమీదనే ఎండిన ఖర్జూరము తీయవచ్చునను ఆశ విడువవలెను. బర్హీ రకమొక్కటి మనకు దారి చూపుచున్నది. దీని కాయ పసుపు రంగు తిరిగిన దోరదశలోనే వగరు లేక తియ్యగా ఉండును. ఫిబ్రవరి పూతకు జూన్ చివర, జూలైలో గెలలు కోసి అమ్మినచో ఆగస్టు, సెప్టెంబరు జడివానలు తప్పును. అయితే దోరకాయ నిలువ ఉండదు. కొనువారిని ముందే చూచుకొననిదే మొక్క నాటరాదని నా అభిప్రాయము.

నేల విషయమున, కర్నూలు-కడప కాలువ క్రింద వరి పండు నల్లరేగడిలో నీరు నిలుచును, అది పనికిరాదు. నీరు ఇంకిపోవు ఎర్రగరపనేలలు మంచివి. ముదిరిన చెట్టు చౌడును, ఉప్పునీటిని ఇతర పండ్లచెట్లకన్న బాగుగా ఓర్చును. లేతమొక్కకు మాత్రము మంచినీరే కావలెను. ఎడారి చెట్టు గదా యని మెట్టలో వానకు వదలిన చెట్టు బ్రతుకునేమో గాని కాయదు. బోరు, బిందుసేద్యము ఉండవలెను.

మొక్కకు మొక్కకు 8 మీటర్ల దూరమున ఎకరమునకు 60 పైచిలుకు పట్టును. అందు రెండు మూడు పోతులు చాలును. గాలిని నమ్ముకొనక, పెంటిపొత్తి పగిలిన రెండు మూడు దినములలో పోతుపూల రెమ్మలు రెండు మూడింటిని అందులో తలక్రిందుగా ఉంచి వదులుగా కట్టవలెను. ఏటా ఈ పని తప్పదు.

కొబ్బరిని చెరచు కొమ్ముపురుగు, ఎర్రముక్కు పురుగు దీనిని కూడ పట్టును. కొమ్ముపురుగు పెంటదిబ్బలలో పెరుగును గనుక దిబ్బను తోటకు దూరముగా వేయవలెను. పిలకలు తీసిన గాయములకు వెంటనే మందు పూయవలెను. ఎర్రముక్కు పురుగు గ్రుడ్లు పెట్టునది ఆ గాయములలోనే. మ్రానుకు రంధ్రములు పడి, నమిలిన పీచు, జిగురు బయటికి వచ్చుచున్నచో ఆలస్యము చేయక గ్రామ ఉద్యాన సహాయకునకు చూపవలెను.