'చండశాసనుడు': పదనిర్మాణం – ప్రయోగభేదం

1. ఉపోద్ఘాతం:

నియమాలను ఏమాత్రం సడలించక అమలు జరిపే వ్యక్తిని తెలుగులో 'చండశాసనుడు' అంటారు. నిక్కచ్చిగా వ్యవహరించే అధికారి విషయంలో ఇది ప్రశంస; ఇంట్లో ఎవరినీ నోరెత్తనీయని తండ్రి విషయంలో నింద. ఈ ద్వంద్వస్వభావానికి మూలాన్ని పదనిర్మాణంలో అన్వేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదనిర్మాణం:

'చండమైన శాసనం కలవాడు' అని విగ్రహవాక్యం, బహువ్రీహి సమాసం. 'చండ' శబ్దానికి తీక్ష్ణం, ఉగ్రం అని అర్థాలు. ప్రచండ, చండిక పదాలలో ఉన్నది ఇదే. ధర్మమార్గం పట్టకముందు అశోకుణ్ణి బౌద్ధవాఙ్మయం 'చండాశోకుడు' అని పేర్కొన్నది.

'శాసనం' శాస్ ధాతుజన్యం. ఆజ్ఞాపించడం, దండించడం, బోధించడం అనే మూడూ ఈ ధాతువుకు అర్థాలే. 'శాసకుడు'లో ఆజ్ఞ, 'శాస్తి'లో దండన, 'శాస్త్రం', 'శిష్యుడు' పదాలలో బోధన ప్రధానం. భారతంలో భీష్ముడు ధర్మరాజుకు ధర్మోపదేశం చేసే ఆనుశాసనిక పర్వం పేరులోనూ బోధనార్థమే ఉంది.

3. అర్థసంకోచం:

'చండ' విశేషణం చేరడంతో బోధనార్థం మరుగునపడి, ఆజ్ఞాదండనలే మిగిలాయి. ధాతువు వేరైనా 'శిక్ష' విషయంలోనూ ఇటువంటి పరిణామమే కనిపిస్తుంది. సంస్కృతంలో అది విద్య, వేదాంగాలలో ఒకటి. తెలుగు వ్యవహారంలో ప్రధానంగా దండన. నేర్పడమనే అర్థం 'శిక్షణ'కు దక్కింది.

4. ప్రయోగభేదం:

ఈ రెండు వాక్యాలను పరిశీలించవచ్చు.

అ) మా ప్రిన్సిపాల్‌గారు చండశాసనులు, తాము కూడా ఒక్క నిమిషం ఆలస్యంగా రారు.
ఆ) మా మామగారు చండశాసనులు, ఆ ఇంట్లో ఆయన మాటే చట్టం.

మొదటి వాక్యంలో నియమం వ్యక్తికి పైన ఉంది. శాసించేవాడూ దానికి బద్ధుడే. రెండవ దానిలో వ్యక్తి ఇచ్ఛయే నియమం. అర్థం 'నియంత'కు చేరువైంది. 'శాసనం' అంటే చట్టమూ, ఆజ్ఞా రెండూ కావడం వల్ల, ఆ శాసనం ఎవరిదో పదం స్వయంగా చెప్పదు, సందర్భమే చెప్పాలి. 1983లో ఎన్.టి. రామారావు స్వీయదర్శకత్వంలో నటించిన చిత్రానికి ఈ పదమే శీర్షిక కావడం దీని జనవ్యవహారానికి నిదర్శనం.

5. ముగింపు:

'చండశాసనుడు' అంటే 'కఠినుడు' అని మాత్రమే వివరిస్తే ఈ భేదం విద్యార్థికి అందదు. పాత్రచిత్రణను విశ్లేషించేటప్పుడు శాసనం ఎవరిది, శాసించేవాడు దానికి బద్ధుడా అనే రెండు ప్రశ్నలు అవసరం. అవి వేయకపోతే, ఇంట్లోనో తరగతిలోనో సాగే హింసకు క్రమశిక్షణ అనే గౌరవనామాన్ని మనమే కట్టబెట్టినవారమవుతాం.