చరిత్ర వేషం కట్టి మాట్లాడితే

ఒక్క నటుడే చారిత్రక వ్యక్తి వేషం కట్టి, ఆ మనిషి తన కథ తానే చెప్పుకుంటున్నట్టు చేసే ప్రదర్శన ఏకపాత్రాభినయం. బడి వార్షికోత్సవాల్లో, పంద్రాగస్టు వేడుకల్లో అల్లూరి సీతారామరాజు, రుద్రమదేవి, కొమురం భీం ఇలాగే వేదిక ఎక్కుతుంటారు. దీని వెనుక చారిత్రక నాటకాల పరంపర ఉంది. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' వచ్చింది 1897లో.

వేషం కుదరడమంటే కిరీటం, కత్తి దొరకడం కాదు. కాకతీయ రాణి రుద్రమ 1262 నుంచి 1289 దాకా పాలించింది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని పురుష నామంతో పేర్కొన్నాయి. ఆ పాత్ర కట్టే అమ్మాయి నడకలో, గొంతులో ఈ సంగతి పలకాలి. ఇక దుస్తులకు సినిమా కంటే రామప్ప గుడి మంచి ఆధారం. 1213 నాటి ఆ శిల్పాల్లో కాకతీయుల కాలపు నగలు, కొప్పులు, కట్టు కళ్లారా చూడవచ్చు. అద్దెకు తెచ్చిన వెల్వెట్ అంగీ ఆ కాలాన్ని చెప్పలేదు.

ఇతర దేశాల్లో ఈ కళ మ్యూజియంలోకి వెళ్లింది. స్టాక్‌హోమ్‌లో 1891లో తెరిచిన స్కాన్‌సెన్‌లో పాత ఇళ్లను తెచ్చి నిలబెట్టారు. వాటిలో ఆనాటి దుస్తులు వేసుకున్న సిబ్బంది కనిపిస్తారు. అమెరికాలోని విలియమ్స్‌బర్గ్‌లో థామస్ జెఫర్సన్ పాత్రధారి సందర్శకుల ప్రశ్నలకు జెఫర్సన్‌గానే జవాబిస్తాడు. కంఠస్థం చేసిన సంభాషణ ఇక్కడ చాలదు, పాత్రధారి ఆ కాలాన్ని చదివి ఉండాలి.

మన దగ్గరికి వస్తే, సింగరేణి బొగ్గు గనులున్న రామగుండం, గోదావరిఖనిలో ఇలా వేషం కట్టదగిన మనిషి ఇంకొకరున్నారు. చెమ్మస్ అనే పారతో బొగ్గు తట్టకెత్తి, మోసుకెళ్లి టబ్బు అనే బొగ్గు బండిలో పోసిన కోల్‌ఫిల్లర్ ఆయన. యంత్రాలు వచ్చాక ఆ పని కనుమరుగవుతూ వచ్చింది. రాజుల పక్కన ఆయనకూ వేదిక దక్కాలి. 1920 డిసెంబర్ 23న సింగరేణి కంపెనీ ఏర్పడినందుకు ఏటా జరిపే సింగరేణి డే అందుకు తగిన రోజు.

అయితే ఏ కాలపు కార్మికుడో ముందే తేల్చుకోవాలి. 1889లో ఇల్లందులో తవ్వకాలు సాగించిన మనిషి తలకు నేటి బ్యాటరీ ల్యాంపు పెడితే వేషం తప్పినట్టే. గోదావరిఖని బొగ్గు బావులు 1960 దశకంలో విస్తరించాయి కాబట్టి వాటి సంగతి వేరు. "పొద్దుగాల్నే బాయికి పోయేటోళ్లం" అన్న యాసలోనే పాత్ర మాట్లాడాలి. తట్ట బరువు, దిగుడు దారి, షిఫ్టు వేళలు రిటైరైన కార్మికులను అడిగి రాసుకోవచ్చు. ప్రదర్శనకు ముందు వాళ్లకే ఒకసారి చేసి చూపిస్తే తప్పులు అక్కడే తేలిపోతాయి.