ఇల్లు అమ్మేసి బండిలోనే కాపురం.. వీడియోల్లో చూపించని అసలు లెక్క ఇదీ!

ఇల్లు అమ్మేసి, చక్రాల ఇంట్లో దేశమంతా తిరిగే వాళ్ల వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అమెరికాలో ఈ కాపురం ఎలా నడుస్తుంది? అక్కడున్న మనవాళ్లకు కుదురుతుందా? సూర్యలంక దాకా మన బండి వేసుకెళ్లి అలాగే ఉండిపోవచ్చా? వివరంగా చూద్దాం.

తెనాలి దగ్గర కొలకలూరు కావచ్చు, బాపట్ల, రేపల్లె కావచ్చు.. అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు ఈ బండ్లు కొత్తేం కాదు. సెలవుల్లో అబ్బాయి ఒకటి అద్దెకు తీసుకుంటే వాట్సాప్ వీడియో కాల్‌లో చూపిస్తాడు. ఇదిగో కిచెన్ నాన్నా, ఇదిగో బెడ్డు, ఇదిగో బాత్రూం.. అని. అంతా చూశాక నాన్న ఒకటే అడుగుతారు. "బానే ఉంది గానీ, ఆ బాత్రూం నీళ్లు ఎక్కడికి పోతాయిరా?"

నవ్వొచ్చినా అసలు ప్రశ్న అదే. ఈ జీవితం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

ఇంతకీ ఆర్వీ అంటే ఏంటి?

రిక్రియేషనల్ వెహికల్.. షార్ట్‌గా ఆర్వీ. మన దగ్గర సినిమా షూటింగుల్లో కనిపించే కారవాన్ లాంటిదే. అమెరికాలో మూడు సైజులు ఎక్కువగా కనిపిస్తాయి. బస్సంత పెద్దది క్లాస్ ఎ, వ్యాన్ సైజుది క్లాస్ బి, డ్రైవర్ క్యాబిన్ మీద కూడా పడక ఉండేది క్లాస్ సి. కారు లేదా పికప్ వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్లు వేరే.

పెద్ద బండి పెట్రోల్ గట్టిగానే తాగుతుంది. క్లాస్ ఎ బండి గ్యాలన్‌కు 6 నుంచి 10 మైళ్లు ఇస్తుంది. మన లెక్కలో లీటరుకు రెండున్నర నుంచి నాలుగు కిలోమీటర్లు. అందుకే ఏడాది పొడవునా అందులోనే ఉండేవాళ్లు రోజూ తిరగరు. ఒకచోట ఆగి, కొన్నాళ్లు ఉండి, తర్వాత కదులుతారు.

ఎక్కడ ఆగుతారు?

చాలామంది ఆగేది స్టేట్ పార్కుల్లో. అంటే మన మున్సిపల్ పార్కు లాంటిది కాదు. అడవి, చెరువు, బీచ్ ఉన్న ప్రాంతాన్ని అక్కడి రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది. లోపల బండి నిలపడానికి నంబర్లు వేసిన స్థలాలు ఉంటాయి. చాలా చోట్ల కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇస్తారు. దీన్నే హుకప్ అంటారు.

కానీ అక్కడే స్థిరపడిపోతామంటే కుదరదు. టెక్సస్, ఫ్లోరిడా స్టేట్ పార్కుల్లో ఒకేచోట వరుసగా 14 రోజులకు మించి ఉండనివ్వరు. బుకింగ్‌కూ పోటీనే. కాలిఫోర్నియాలో 6 నెలల ముందే మొదలవుతుంది. ఫ్లోరిడాలో స్థానికులకు 11 నెలల ముందు, బయటి రాష్ట్రాల వాళ్లకు 10 నెలల ముందు తెరుస్తారు. 'ఎప్పుడు అనిపిస్తే అప్పుడు బయల్దేరడం' వీడియోలోనే. నిజంలో క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోవాలి.

ఏసీ ఆన్ చేస్తే కుక్కర్ ఆగాలి

చాలా బండ్లకు ఇచ్చేది 30 ఆంప్స్ కరెంటు. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. కానీ అక్కడి వోల్టేజ్ 120. అంటే మొత్తం 3,600 వాట్లు. మన ఇంట్లో గీజర్ పెట్టే 16 ఆంప్స్ సాకెట్ ఒక్కటి ఇచ్చేదీ దాదాపు అంతే. ఇల్లంతా ఆ ఒక్క సాకెట్ మీద నడుస్తోందన్నమాట. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కుక్కర్ కలిపి పెడితే ట్రిప్ అవుతుంది.

నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు

బండి కింద మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లకు. రెండోది గ్రే ట్యాంకు.. స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లు అందులోకి పోతాయి. మూడోది బ్లాక్ ట్యాంకు.. టాయిలెట్‌ది. నిండాక డంప్ స్టేషన్ దగ్గరికి తీసుకెళ్లి, లావుపాటి పైపు తగిలించి ఖాళీ చేయాలి. ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు తెరుస్తారు. వెనక వచ్చే సబ్బునీళ్లకు పైపు శుభ్రపడుతుంది. ఈ పని ఇంట్లో వాళ్లే చేసుకోవాలి. దీన్ని రీల్‌గా పెట్టేవాళ్లు తక్కువ!

వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్త

సొంతిల్లు లేకపోయినా బ్యాంకుకు, లైసెన్స్‌కు, ఇన్సూరెన్స్‌కు ఒక అడ్రస్ కావాలి. అందుకే ఫుల్‌టైమ్ తిరిగే అమెరికన్లలో చాలామంది రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల్లో అడ్రస్ పెట్టుకుంటారు.

హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు ఇది అంత తేలిక కాదు. ఆ వీసా పనిచేసే చోటుతో ముడిపడి ఉంటుంది. వేరే మెట్రో ప్రాంతానికి మారి అక్కడి నుంచి పనిచేయాలంటే కంపెనీ మళ్లీ పిటిషన్ వేయాల్సి రావచ్చు. ఇల్లు మారితే 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. అందుకే వీకెండ్ ట్రిప్పులకు ఇబ్బంది లేదు, ఏడాది పొడవునా బండిలో కాపురమే కష్టం.

పిల్లల దగ్గరికి విజిటర్ వీసాపై వెళ్లే తల్లిదండ్రులకూ ఒక మాట. పార్కుల్లో వారానికి కొన్ని గంటలు పనిచేస్తే స్థలం ఉచితంగా ఇచ్చే 'క్యాంప్ హోస్ట్' పద్ధతి ఉంది. ఖాళీగా ఉండే బదులు చేద్దాం అనుకోవద్దు. పనికి బదులుగా ప్రయోజనం పొందితే అది వీసా రూల్స్‌కు అడ్డం రావచ్చు.

మరి మన దగ్గర?

కేంద్ర నిబంధనల్లో మోటార్ కారవాన్ అనే కేటగిరీ ఉంది. దానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పాత బస్సో, టెంపోనో కొని ఊళ్లో వెల్డింగ్ షాపులో మంచాలు బిగించేస్తే సరిపోదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. ఆర్సీలో ఒకటి, రోడ్డు మీద ఒకటి ఉంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి.

బండి దొరికినా ఆపే చోటు కావాలి. కేరళ 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో పాలసీ తెచ్చి, బండ్లతో పాటు పార్కుల మీదా దృష్టి పెట్టింది. మొదటి పార్కు వాగమన్‌లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో కారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది. అందులోనూ బండ్లు, పార్కులు రెండూ ఉన్నాయి.

బాపట్లకు దగ్గర్లోని సూర్యలంకనే తీసుకోండి. తీరం పక్కన బండి ఆపుకుని నిద్రపోవడం బాగానే ఉంటుంది. కానీ వంద బండ్లు వచ్చి, ట్యాంకు ఖాళీ చేసే చోటు లేకపోతే ఆ నీళ్లన్నీ ఇసుకలోకే, సముద్రంలోకే. నష్టపోయేది అక్కడి మత్స్యకారులు, తర్వాత వచ్చే పర్యాటకులు. అందుకే బండ్ల సంఖ్య కన్నా డంప్ స్టేషన్ల సంఖ్య ముఖ్యం.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* కొనే ముందు మూడు రాత్రులు అద్దె బండిలో ఉండి చూడండి. ట్యాంకు కూడా మీరే ఖాళీ చేయండి.
* రాత్రి ఆగే చోటు ముందే ఖాయం చేసుకోండి. కరెంటు, నీళ్లు, డంపింగ్.. మూడూ ఉన్నాయో అడగండి.
* ఆర్సీలో బండి కారవాన్‌గా నమోదైందో లేదో చూడండి.
* బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లుంటే దారిలో ఆసుపత్రులు గుర్తుపెట్టుకోండి.
* ముఖ్యంగా ఇల్లు, పొలం అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. బండి విలువ ఏటా తగ్గుతుంది. తిరిగి తిరిగి అలసిపోయాక వెనక్కి రావడానికి ఒక గడప ఉండాలి కదా!