అరిగింది నాణెం కాదు, అచ్చు!

ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండు పెట్టి తోమడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ అలవాటే అమెరికాలో నా కొంప ముంచింది.

అమ్మాయి దగ్గరికి వెళ్లాను. పన్నెండేళ్ల మనవడికి పాత నాణేల పిచ్చి. వాడి పెట్టెలో 1926 నాటి అయిదు సెంట్ల బిళ్ల కనిపించింది. ఒకవైపు అమెరికా ఆదివాసీ ముఖం, రెండోవైపు అడవిదున్న. దున్న తలమీద జూలు లేదు, అంతా చదును. ‘పాపం, చేతులు మారి మారి అరిగిపోయింది, కాస్త మెరిపిద్దాం’ అనుకుని చింతపండూ ఉప్పూ పెట్టి తోమేశాను. బడి నుంచి వచ్చి చూసుకున్న పిల్లాడికి కళ్లనిండా నీళ్లు! ఏడాదంతా దాచుకున్న డబ్బుతో కొన్నాడట.

‘‘అది అరగలేదు అమ్మమ్మా, పుట్టడమే అలా పుట్టింది’’ అన్నాడు రాత్రి అన్నాలయ్యాక, పుస్తకం తెచ్చి చూపిస్తూ.

పేరుకి నికెల్ బిళ్లే గానీ అందులో ముప్పాతిక వంతు రాగి. పాతికవంతు నికెల్ కలిసేసరికి లోహం మహా గట్టిపడుతుంది. 1866లో ఈ బిళ్లలు మొదలుపెట్టినప్పుడు ఉక్కు అచ్చులే త్వరగా పగిలిపోయేవట. మరుసటి ఏడే బొమ్మలో నక్షత్రాల మధ్య ఉన్న కిరణాలు తీసేశారు. 1913లో వచ్చిన దున్న బిళ్లకూ అదే బాధ. 1920లలో డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలల్లో అరిగిన అచ్చులతోనే చాలా బిళ్లలు కొట్టారు. దెబ్బ గట్టిగా పడక, లోహం అచ్చు గుంటల్లోకి నిండా ఎక్కేది కాదు. 1937లో డెన్వర్‌లో ఒక అచ్చును మరీ సానబెట్టేసరికి దున్నకు ముందుకాలు ఒకటి మాయమైంది. ఇప్పుడు ఆ మూడుకాళ్ల దున్నకే గిరాకీ!

అద్దకం చీరలు కొనేవాళ్లకు ఇది కొత్త కాదు. చెక్క అచ్చు అరిగితే కొత్త చీరమీదా పువ్వు మసగ్గానే పడుతుంది. అంతమాత్రాన చీర పాతదవుతుందా?

తేడా ఎలా తెలుస్తుందంటారా? నాణేన్ని వెలుతురులో వాలుగా తిప్పి చూడండి. వాడకంలో అరిగితే ఎత్తుగా ఉన్నచోట మెరుపు చచ్చిపోతుంది. అచ్చు సరిగా పడనిదైతే చదునుగా ఉన్నచోట కూడా టంకశాల మెరుపు నిలిచే ఉంటుంది. నేను తోమి పోగొట్టింది సరిగ్గా ఆ మెరుపునే. అది మళ్లీ రాదు.

అందుకే చెబుతున్నాను, మీ అత్తగారి పెట్టెలో కాణీలో అణాలో దొరికితే తోమకండి. అంచులు పట్టుకుని చూసి, తడి తగలకుండా దాచండి.

మనవడు ఆ బిళ్లను పారేయలేదు. కింద చీటీ రాసి పెట్టుకున్నాడు: ‘1926, డెన్వర్. మా అమ్మమ్మ తోమింది.’